పెళ్ళికారులో పెట్రోల్ వాసన

కడియం నర్సరీలు దాటుతుండగా ఆ వాసన మొదటిసారి నా ముక్కుకి తగిలింది. రామచంద్రపురంలో మా అక్క కూతురి లగ్నపత్రిక రాసుకుని ధవళేశ్వరం తిరిగి వస్తున్నాం. కాలవ గట్టు మీద రోడ్డు వంపు తిరిగినప్పుడల్లా సన్నగా, ఘాటుగా వచ్చేది. వంపు దాటి కాసేపు పోయాక తగ్గిపోయేది.

"ఏవండీ, పెట్రోల్ వాసనొస్తోంది," అన్నాను.

మావారు స్టీరింగ్ మీద చెయ్యి తియ్యకుండానే రెండుసార్లు గట్టిగా గాలి పీల్చారు. "లేదే! ముందు లారీ పోతోంది కదా, దానిదై ఉంటుంది."

"లారీది డీజిల్ వాసనండీ. ఇది పెట్రోలు."

"పాత బండి కదా, ఏదో ఒక వాసన ఉంటూనే ఉంటుంది," అని ఊరుకున్నారు. నేను కిటికీ అద్దం పూర్తిగా దించాను. గాలి వచ్చింది కానీ వాసన తగ్గలేదు. పైగా ఇంకాస్త పెరిగినట్టే అనిపించింది. ఇంటికొచ్చేసరికి కణతలు లాగేస్తున్నాయి.

ఆ కారు మావారి ప్రాణం. ఆయన నీటిపారుదల శాఖలో ఉద్యోగి. కాలవల మీద తిరిగే రోజుల్లో మూతపడిన ఓ రైసుమిల్లు షెడ్డులో ధాన్యం పొట్టు కింద కూరుకుపోయి ఉన్న ఆ బండిని చూశారు. గుండ్రటి బానెట్, లోపల సోఫాల్లాంటి సీట్లు, మా చిన్నప్పుడు టాక్సీలుగా తిరిగిన రకం. దాన్ని ఇంటికి చేర్చి, కొన్నేళ్ళపాటు ఆదివారాలన్నీ దాని కిందే పడుకుని, తుప్పు గీకి, రంగు వేయించి, మళ్ళీ రోడ్డెక్కించారు. మా వీధిలో దాని శబ్దం వినగానే పిల్లలు బయటికొచ్చి చూసేవారు. మా అక్క కూతురైతే పెళ్ళి మాట అనుకున్నప్పుడే చెప్పేసింది: "నాకు పూలు కట్టిన పెద్ద కార్లేవీ వద్దు. బాబాయ్ గారి కారులోనే మండపానికెళ్తాను." ఆ మాట విన్న రోజు మావారు అన్నం తింటూ కూడా నవ్వుకున్నారు.

కాబట్టి ఆ వాసన సంగతి నేను వదిలిపెట్టలేదు. నేను ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. జాడీ మూత తియ్యగానే నూనె పాడైందో, ఊట సరిగ్గా దిగిందో నా ముక్కే చెప్పేస్తుంది. ఒకప్పుడు నాకు సందేహం వచ్చిన జాడీని మావారి దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని, ఆయనది నాకంటే మంచి ముక్కు. కరోనా జ్వరం వచ్చినప్పుడు ఇద్దరికీ వాసనలు పోయాయి. నాకు నెమ్మదిగా తిరిగొచ్చాయి. ఆయనకీ వచ్చాయనే చెప్పారు.

ఆదివారం పొద్దున్నే కారు బానెట్ ఎత్తించాను. ఆయన తెల్లగుడ్డ పట్టుకుని పెట్రోల్ వెళ్ళే ప్రతి గొట్టాన్నీ తుడిచి చూశారు. నేను వెనకాలే వంగి వాసన చూసుకుంటూ వచ్చాను. కారు కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి, మర్నాటి దాకా ఉంచి చూశాం. ఒక్క చుక్క పడలేదు.

"చూశావా?" అన్నారు.

"చుక్క పడకపోతే లేనట్టేనా? నాకు తల తిరిగిపోయిందండీ ఆ రోజు."

"నాకెందుకు రాలేదు మరి? నేనూ పక్కనే ఉన్నాను కదా?" ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు అవసరమైన దానికంటే గట్టిగా ఉంది. కారుని ఏమన్నా ఆయన ఓర్చుకోలేరు, అందుకే అనుకున్నాను.

చివరికి రాజమండ్రిలో ఆయనకి తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. అతను కార్బురేటర్ దగ్గర చిన్న తడి కనిపెట్టాడు. అక్కడి బిగింపులు సరిచేసి, పంపు దగ్గరి రబ్బరు గొట్టాలు మార్చేశాడు.

"ఇప్పటి పెట్రోల్లో స్పిరిట్ కలుపుతున్నారు కదండీ, అది పాత రబ్బర్ని తినేస్తందండి," అన్నాడు.

"వెనక ట్యాంకు కూడా ఒకసారి చూడండి," అన్నాను నేను.

అతను కారు కింద దూరి, ట్యాంకు చుట్టూ చెయ్యి పెట్టి తడిమి బయటికొచ్చాడు. "పొడిగా ఉందండి అమ్మా. ఇంకేం భయం లేదు. పాత బళ్ళకి కొంచెం వాసన మామూలేనండి."

ఆ తర్వాత నిజంగానే వాసన రాలేదు. బజారుకెళ్ళినా, గట్టు మీద తిరిగినా ఏమీ లేదు. మావారు మళ్ళీ హుషారయ్యారు. "ఆవాలు నూరీ నూరీ నీ ముక్కుకి ఘాటు అలవాటైపోయింది. లేనిచోట కూడా అదే వస్తోంది," అని ఎకసెక్కాలాడారు. నాకు ఒళ్ళు మండింది. కానీ అందరిలోనూ నాకొక్కదానికే వాసన వస్తే, నేనే పొరబడ్డానేమోనని నాకే అనిపించడం మొదలైంది.

పెళ్ళి కోరుకొండలో, కొండ కింద మండపంలో. పగటి ముహూర్తం. రామచంద్రపురం నుంచి పొద్దున్నే రావడం కష్టమని ముందురోజే అక్కా, పెళ్ళికూతురూ మా ఇంటికొచ్చేశారు. మిగతా చుట్టాలంతా తిన్నగా మండపానికొస్తారు. సాయంత్రం మావారు బంకుకెళ్ళి ట్యాంకు నిండా పెట్రోల్ పోయించుకొచ్చారు. మామూలుగా ఊళ్ళో తిరగడానికి కొంచెం కొంచెమే పోయిస్తారు. పెళ్ళి రోజు మధ్యలో ఎక్కడా ఆగకూడదని ఆ వేళ నిండా పోయించారు. పొద్దున్న కారంతా మల్లెలు, బంతిపూల దండలతో ముంచేశారు. డిక్కీలో పెళ్ళికూతురి పెట్టే, పసుపు కుంకుమల సామాన్లూ పెట్టి బయల్దేరాం. నేను ముందు సీట్లో, అక్కా అమ్మాయీ వెనక సీట్లో.

రాజమండ్రి దాటేదాకా పూల వాసన తప్ప నాకేమీ తెలియలేదు. కోరుకొండ దగ్గరపడి, రోడ్డు మలుపులు మొదలయ్యాక వచ్చింది. ఈసారి సన్నగా కాదు. ఎవరో సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టినట్టు.

వెనక్కి తిరిగి చూశాను. అమ్మాయి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మొహం పాలిపోయింది. "పిన్నీ, కడుపులో తిప్పుతోంది," అంది.

"పొద్దున్నించీ ఏమీ తినలేదు కదా, అందుకే," అంది అక్క. "అద్దాలు దించవే, గాలొస్తుంది."

నాలుగద్దాలూ దించాం. వాసన ఒక్కసారిగా ఎక్కువైంది.

"ఏవండీ, ఆపండి. పెట్రోల్ కారుతోంది ఎక్కడో."

"మళ్ళీ మొదలెట్టావా?"

"నేనొక్కదాన్నే కాదు. అమ్మాయిని చూడండి. అక్కా, నీకు రావట్లేదా?"

అక్క గాలి పీల్చి, "వస్తోంది మరిదిగారూ. బాగా వస్తోంది," అంది భయంగా.

ఆయన అద్దంలోంచి వెనక్కి చూశారు. మళ్ళీ గట్టిగా గాలి పీల్చారు. ఆయన మొహంలో అప్పటిదాకా ఉన్న విసుగు పోయి ఇంకేదో వచ్చింది. కానీ కారు ఆపలేదు. మండపం ఎదురుగా కనబడుతోంది. సన్నాయి వినబడుతోంది. "వచ్చేశాం కదా. దిగాక చూద్దాం," అన్నారు.

నేను ఎదురుగా చూశాను. మండపం గేటు దగ్గర చుట్టాలంతా గుంపుగా నిలబడి ఉన్నారు. ముందు మా పెద్దమ్మ, చేతిలో హారతి పళ్ళెం. కర్పూరం అప్పటికే వెలుగుతోంది. ఆవిడ పక్కన మగపెళ్ళివారి తాలూకు ఆయనెవరో సీమటపాకాయల దండ రోడ్డు పొడుగునా పరుస్తున్నాడు. కారు ఆగగానే హారతిచ్చి, పెళ్ళికూతురు దిగగానే టపాకాయలు అంటిద్దామని వాళ్ళ ఏర్పాటు.

కారు ఇంకా పూర్తిగా ఆగకముందే తలుపు తీసి దూకాను. చెప్పు ఊడిపోయింది. పెద్దమ్మ పళ్ళెంతో ముందుకొస్తోంది.

"రావద్దు పెద్దమ్మా! అక్కడే ఆగు! ఆ టపాకాయలు ఆపండి!"

సన్నాయి ఆగిపోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. పెద్దమ్మ మొహం మాడిపోయింది. "పెళ్ళిపూట హారతి ఆపమంటావేంటే? మతి ఉందా నీకు?"

వివరించే తీరిక లేదు. హారతి ఆర్పేస్తే ఆవిడ జీవితంలో నన్ను క్షమించదు. ఆవిడ చేతిలోంచి పళ్ళెం లాక్కుని, మంట కొంగుకి తగలకుండా పట్టుకుని, కారుకి ఎదురుదిక్కుగా మండపం లోపలికంటా నడిచాను. పరిగెత్తితే ఒలికిపోతుందని భయం, నడిస్తే ఆలస్యమని భయం. గణపతి ఫోటో ముందు పళ్ళెం పెట్టేసి వెనక్కి పరిగెత్తుకొచ్చాను. "కారులో పెట్రోల్ కారుతోంది, నిప్పు తీసుకురాకండి," అని అరిచాను. టపాకాయలాయన జేబులోని అగ్గిపెట్టె ఏం చెయ్యాలో తెలియక తీసి దూరంగా విసిరేశాడు. అమ్మాయినీ, అక్కనీ ఎవరో దింపి లోపలికి తీసుకుపోయారు.

మావారు కారు దిగి అలాగే నిలబడ్డారు. మొహం ఎర్రబడింది. నా దగ్గరకొచ్చి పళ్ళబిగువున అన్నారు: "ఏంటిది? ఇంతమంది ముందు! ఏ వాసనా లేదంటే వినవే?"

వెనక్కెళ్ళి డిక్కీ తీశాను. ఆవిరి మొహానికి కొట్టింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. పెట్టె జరిపి, కింద పరిచిన పట్టాని పట్టుకుని లాగాను. ఒక మూలంతా తడిసి ముద్దయి ఉంది. దాన్ని ఎత్తి ఆయన ముందు పెట్టాను.

"ఇప్పుడు చూడండి."

ఆయన పట్టా అందుకున్నారు. మొహం దగ్గరికి తీసుకున్నారు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా, లోతుగా పీల్చారు. ఎక్కడో దూరంగా వినబడే మాట కోసం చెవి ఒగ్గినట్టు అలాగే ఉండిపోయారు. రెండడుగుల అవతల నిలబడ్డ నాకు దగ్గొస్తోంది. ఆయనకి దగ్గు రాలేదు. కళ్ళు తెరిచి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు.

అప్పుడర్థమైంది నాకు. ఆయనకి అసలు ఏ వాసనా రావట్లేదు. ఆ జ్వరం తర్వాత ఎప్పుడూ రాలేదు.

చుట్టూ జనం. అందులో ఒకాయన, "ఇంత ఘాటుగా ఉంటే మీకు తెలియలేదాండి?" అని అడిగాడు.

"వారం నుంచి జలుబండీ ఆయనకి," అన్నాను నేను.

మావారు తల దించుకున్నారు. తర్వాత గబగబా బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ విప్పేశారు. ఇంజను మళ్ళీ వేయకుండా, నలుగురైదుగురు కలిసి కారుని తోసుకుంటూ మండపానికి దూరంగా ఉన్న ఖాళీ స్థలంలోకి చేర్చారు. తలుపులు, డిక్కీ అన్నీ బార్లా తెరిచి పెట్టారు. "నువ్వెళ్ళు. ముహూర్తానికి నువ్వుండాలి. ఎవరైనా సిగరెట్ కాల్చుకుంటూ ఇటొస్తే ప్రమాదం, నేనిక్కడే ఉంటాను," అన్నారు నన్ను చూడకుండానే.

వెళ్ళాను. తాళి కట్టడం చూశాను, అక్షింతలు వేశాను. అమ్మాయి తల ఎత్తి, "బాబాయ్ గారేరీ?" అని అడిగింది. వస్తారన్నాను. నా చెవుల్లో మంత్రాలు పడటం లేదు. పొద్దున్నే లేచి టీ పెట్టేది ఆయనే. గ్యాస్ స్టవ్ ముట్టించేది ఆయనే. నేను ఊరెళ్ళినప్పుడు ఇంట్లో ఒక్కరే ఉంటారు. వానాకాలంలో చింతకాయ పచ్చడి జాడీ ఒకటి తేడాగా ఉందనిపించి ఆయనకిస్తే, వాసన చూసి, "బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. మర్నాటికి ఆ కంపుకి మూత తియ్యలేకపోయాం. ఆ రోజే నాకు అనుమానం రావాల్సింది కదా అనుకున్నాను.

విస్తరి వేయించి పట్టుకెళ్ళేసరికి ఆయన కారు నీడన ఒక రాయి మీద కూర్చుని ఉన్నారు. బంతిపూల దండలు వాడిపోయి బానెట్ మీద వేలాడుతున్నాయి.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"ఆ జ్వరం నుంచే."

"వచ్చిందన్నారు కదా?"

"మొదట్లో వస్తుందనే అనుకున్నా. నువ్వు రోజూ అడిగేదానివి. ఒకరోజు, కొంచెం కొంచెం వస్తోందన్నాను. నువ్వెంత సంతోషించావో తెలుసా? వెంటనే దేవుడికి కొబ్బరికాయ కొట్టించావు. ఇక ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయాను."

"మరి పులుసు బాగుందనీ, పోపు మాడిందనీ చెప్పేవారు?"

"నీ మొహం చూసి చెప్పేవాణ్ణి."

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "గ్యాస్ లీకైతే?" అని అరిచాను. "ఆ పిల్లకి ఈ వేళ ఏదైనా అయ్యుంటే?"

"గ్యాస్ రెగ్యులేటర్ రెండుసార్లు చూసుకునేవాణ్ణి. పాల ప్యాకెట్ మీద తేదీ చూసి వాడేవాణ్ణి. అన్నీ కళ్ళతో నెట్టుకొచ్చా." గొంతు తగ్గించారు. "కారు సంగతి మాత్రం... నువ్వు వాసనొస్తోందన్నప్పుడల్లా నిజమే చెప్తున్నావని తెలుస్తూనే ఉంది. ఒప్పుకుంటే, నీకెందుకు రాలేదని అడుగుతావు కదా. మెకానిక్ బాగుచేశాడు, పోయిందిలే అనుకున్నా. ఇందాక అమ్మాయి మొహం అద్దంలో చూశాక భయమేసింది. అప్పుడైనా ఆపాల్సింది."

విస్తరి ఆయన చేతిలో పెట్టాను. తిన్నారు. రుచి గురించి నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

తినడం అయ్యాక ఆయన లేచి చొక్కా చేతులు మడిచారు. "రా. ఇప్పుడైనా సరిగ్గా వెతుకుదాం. నేను చూస్తాను, నువ్వు వాసన పట్టు."

"మెకానిక్ ట్యాంకు పొడిగా ఉందన్నాడు కదా?"

"ఆ వేళ ట్యాంకులో ఎంతుంది? అడుగున కాస్త. మాకు కాలవ గట్టు ఎక్కడ కారుతోందో నీటిమట్టం పెరిగితేనే తెలుస్తుంది. రామచంద్రపురం వెళ్ళిన రోజు నిండా పోయించాను. మళ్ళీ నిన్ననే నిండా పోయించాను. మధ్యలో వాసన రాలేదు. కారేది పైనెక్కడో."

డిక్కీలో పక్కకి బిగించిన అట్ట విప్పారు. దాని వెనకాల, బయట పెట్రోల్ పోసే మూత దగ్గర్నుంచి ట్యాంకులోకి దిగే లావుపాటి గొట్టం ఉంది. పైనుంచి చూస్తే నున్నగా, కొత్తదానిలాగే ఉంది. నేను కొంగు బిగించి లోపలికి వంగాను. గొట్టం మొదట్లో అంత లేదు. కిందికి జరిగేకొద్దీ ఘాటు పెరిగింది. రబ్బరు ముక్క ట్యాంకుకి అతుక్కునే చోట ముక్కు మండిపోయింది.

"ఇక్కడండీ. ఇక్కడే ఎక్కువ."

"నువ్వు జరుగు, ఊపిరి తీసుకో." ఆయన అక్కడ తెల్లటి కాగితం రుమాలు చుట్టారు. బయటికెళ్ళి, కారు పక్కన నిలబడి, రెండు చేతులతో అటూ ఇటూ ఊపారు, మలుపుల్లో ఊగినట్టు. "ఏమైనా వచ్చిందా?"

"లేదు."

ఇంకా గట్టిగా ఊపారు. లోపల పెట్రోల్ కదిలిన చప్పుడు వినబడింది. నేను కన్నార్పకుండా చూస్తున్నాను. కాగితం అడుగున గింజంత మచ్చ కనబడింది. చూస్తుండగానే అరచేతంత పాకింది.

"వచ్చింది! వచ్చిందండీ!"

ఆయన వచ్చి, వేలు గొట్టం అడుగుకి పోనిచ్చి తడిమారు. పైకి కనబడకుండా కిందివైపు రబ్బరు చీలిపోయి ఉంది. "అద్దాలు దించితే ఎందుకెక్కువయ్యేదో తెలిసింది. డిక్కీలోని గాలంతా సీట్ల సందుల్లోంచి లోపలికి లాగేస్తోంది," అన్నారు. వేలు బయటికి తీసి, అలవాటుగా ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, మధ్యలోనే ఆపేశారు. ఆ చెయ్యి పట్టుకుని నా కొంగుతో తుడిచాను.

ఫోన్ చేస్తే మధ్యాహ్నం రాజమండ్రి మెకానిక్ డబ్బాలతో వచ్చి, ముందు పెట్రోలంతా తోడేసి, ఆ గొట్టాన్ని మార్చాడు. "కింద నుంచే చూశానండి, డిక్కీ అట్ట విప్పి చూడాల్సింది," అని నొచ్చుకున్నాడు. పట్టా మళ్ళీ వాడలేదు. పెట్టెలోని పట్టుచీరల్లో ఒకదానికి ఆ వాసన చాలారోజులు పోలేదని అక్క చెప్పింది.

తనకి వాసన రాదన్న విషయం అక్కకి ఆయన తనే ఫోన్ చేసి చెప్పారు, నేను చెప్తానన్నా ఒప్పుకోలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారాయన. రోజూ లవంగాలూ, నిమ్మతొక్కా వాసన చూస్తూ ఉండమన్నారు. పొద్దున్నే ఆయన ముందు పళ్ళెంలో అవి పెడతాను. వచ్చిందా అని మాత్రం అడగను. వస్తే చెప్తారు. ఇంట్లో గ్యాస్ లీకైతే మోగే చిన్న యంత్రం ఒకటి గోడకి పెట్టించాం. సందేహమొచ్చిన పచ్చళ్ళ జాడీలు వాసన చూడ్డానికి ఇప్పుడు వీధి చివరావిడ సాయం తీసుకుంటున్నాను.

పెళ్ళయ్యాక అమ్మాయీ, అల్లుడూ మా ఇంటికి భోజనానికొచ్చారు. ఆ వేళ ఆ కారులో సరిగ్గా ఊరేగనే లేదని అమ్మాయికి లోటుగానే ఉంది. బ్యారేజీ దాకా తిప్పి తీసుకురమ్మని అడిగింది. మావారు అప్పటికే ట్యాంకు నిండా పోయించి, డిక్కీలో కొత్త కాగితం చుట్టి రెండు రోజులు తిప్పి చూశారు. పొడిగానే ఉంది. అయినా తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఎక్కమంటారా బాబాయ్ గారూ?" అంది అమ్మాయి.

"మీ పిన్నినడుగు," అన్నారాయన.

నేను వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాను. నాలుగద్దాలూ దించమన్నాను. వీధి చివరి మలుపుదాకా ఒకసారి పోనిచ్చి రమ్మన్నాను. మలుపులో ఆయన అద్దంలోంచి నన్నే చూస్తున్నారు. కొత్తగా వేయించిన సీటు గుడ్డ వాసన, గోదారి వైపు నుంచి తడిగాలి, ఇంకేమీ లేదు. గుమ్మం ముందు కారు ఆగాక దిగి, అమ్మాయికి తలుపు తీసి పట్టుకున్నాను.